వందేళ్ల కుర్చీ

మధ్యాహ్నం రేడియోలో చావు కబుర్లు చదివేటప్పుడు మా ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. గిన్నె చప్పుడు కాకూడదు. తుమ్మొస్తే పెరట్లోకి వెళ్లి తుమ్ముకోవాలి. మా అత్తగారు ఎర్మిన్ కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వింటుంది. చర్చిలో ప్రసంగం కూడా అంత శ్రద్ధగా వినదు. ఫలానా సందు, ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి, వయసు ఇంత, అంత్యక్రియలు ఫలానా రోజు. ఒక్కో పేరు అయ్యేసరికి ఆవిడ తీర్పు చెప్పేస్తుంది.

"అరవై ఒకటి. షుగరు."

"నీకెలా తెలుసత్తా? రేడియోవాడు చెప్పలేదుగా?"

"పూలు తేవద్దు, షుగరు రోగుల సంఘానికి ఏదైనా ఇచ్చుకోండి అన్నాడు. నీకు చెవుల్లేవూ? ఉష్, ఇంకోటొస్తోంది. యాభై ఎనిమిది, 'హఠాత్తుగా'. అంటే గుండె. లేదా బీపీ ఎక్కి మెదడులో నరం చిట్లింది. డెబ్భై, 'చాలాకాలం ధైర్యంగా పోరాడి'. అది క్యాన్సరు."

అరవైల్లో, డెబ్భైల్లో పోయినవాళ్ల పేర్లు చదువుతుంటే పాపం అంటూనే ఆవిడ ఇంకాస్త నిటారుగా కూర్చుంటుంది. తొంభై దాటినవాళ్ల పేరు వస్తే మాత్రం మొహం మాడిపోతుంది. ఒకసారి నూట మూడు అని చదివాడు. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

"నూట మూడట! నేనెరగనా ఆ మనిషిని? జన్మలో చెరకు గడ ముట్టుకున్న పాపాన పోలేదు. పంతులమ్మ. నీడపట్టున కూర్చుని బతికింది. అలా కూర్చుంటే నేనూ బతుకుతాను నూట యాభై."

నా పేరు వెల్డా. ఆవిడ కోడల్ని. అరవై ఆరేళ్లు. బడిపిల్లల భోజనాలు వండే వంటశాలలో గరిటె తిప్పి తిప్పి రిటైరయ్యాను. బీపీకి పొద్దునొక మాత్ర, రాత్రొక మాత్ర, మోకాళ్లకు కంపుకొట్టే లేపనం. మా అత్తగారికి తొంభై ఎనిమిది. మాత్ర ఏ రంగులో ఉంటుందో నా డబ్బా చూసే ఆవిడకు తెలుసు. కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. శనివారం నిమ్మరసంలో ఊరవేసిన పందికాళ్లు తెస్తే ఎముక దగ్గర కూడా ఏమీ వదలదు. నేను గోడ పట్టుకుని మెట్టు దిగుతుంటే వెనక నిలబడి, "జరుగమ్మా, జరుగు, పనులున్నవాళ్లు దిగాలి" అంటుంది. ఆవిడ మోకాళ్లను చూస్తే నాకు కుళ్ళు. దాచుకోవడం దేనికి?

ఇంకో కుళ్ళు కూడా ఉంది. అది నా మొగుడి కాలి గురించి.

మా ఆయన గ్రాఫ్టన్‌కు డెబ్భై ఒకటి. బస్సు నడిపేవాడు. రోజంతా సీట్లో కూర్చోవడం, పక్కన చల్లటి తియ్యటి సీసా, దారిలో వేయించిన కోడి, ఇంటికొచ్చి మాకరోనీ. నేనే వండి పెట్టాను, ఇంకెవరినో అనడం ఎందుకు. యాభై నిండకముందే షుగరు వచ్చింది. అరవై ఐదో ఏట ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఇంట్లో చంకకర్రలు, బయటికి చక్రాల కుర్చీ. కళ్లు కూడా మసకబారాయి. మిగిలిన ఆ కుడి కాలికి రోజూ తనిఖీ ఉండాలని ఆసుపత్రి నర్సు చెప్పింది. వేళ్ల మధ్య, మడమ కింద చిన్న గీత పడినా వెంటనే చూడాలి. ఆయనకు కనిపించదు. నాకు మోకాళ్లు వంగవు. అందుకని రోజూ పొద్దున్నే తొంభై ఎనిమిదేళ్ల తల్లి పీట వేసుకుని నేల మీద కూర్చుని డెబ్భై ఒక్కేళ్ల కొడుకు పాదం ఒళ్లో పెట్టుకుంటుంది.

"కాలు చాపరా. ఇంకా. బిగపెట్టకు, నేనేమన్నా కొరుకుతానా?"

"అమ్మా, చక్కిలిగింత పెడుతోంది."

"పెట్టనీ. చక్కిలిగింత తెలిస్తే ఇంకా ప్రాణం ఉన్నట్టే. ఈ చిటికెన వేలి దగ్గర ఏంటిది, చెప్పుల్లేకుండా పెరట్లోకి వెళ్లావా? నిజం చెప్పు. వెల్డా! నీ మొగుడు మళ్లీ చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడు, నువ్వేం చూస్తున్నావ్?"

సందు మొత్తం వినపడేలా అరుస్తుంది. నా మొగుడి పాదం నేను చూడాలి గానీ, ఆవిడ చూడటం ఏమిటి? వంగలేనని తెలిసి కూడా మొదటి రోజుల్లో పంతానికి ప్రయత్నించాను. లేవలేక నేల మీదే ఉండిపోతే ఇద్దరూ కలిసి లేపాల్సి వచ్చింది. అప్పటి నుంచి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటాను, అంతే.

మా అత్తగారు పుట్టిన సందు ఇదే, మా దీవిలో ఈ సెయింట్ ఫిలిప్ చెరకు తోటల అంచునే. వాళ్లమ్మకు పదకొండు మంది పుడితే నలుగురు మిగిలారు. ఆ రోజుల్లో అందరి ఇళ్లలో అదే లెక్క. వానాకాలం వస్తే పసిపిల్లలు విరేచనాలతో పోయేవాళ్లు. గాలి మారితే దగ్గుతో పోయేవాళ్లు. ఒంటి మీదికి బట్ట వచ్చే వయసుకే పిల్లలు కూలి గుంపులో చేరి చెరకు తోటలో కలుపు తీసేవాళ్లు. ఆవిడ ఎనిమిదేళ్లకు చేరింది. పద్దెనిమిదికి తల మీద చెరకు మోపులు మోసింది. తిన్నది చిలగడదుంప, సీమపనస, ఎగిరే చేప, బెండకాయ వేసి కలియబెట్టిన మొక్కజొన్న ముద్ద. ఎక్కడికైనా నడకే.

"మమ్మల్ని పుట్టగానే జల్లెడ పట్టారే" అంటుంది. "రాలేవాళ్లు అప్పుడే రాలిపోయారు. మిగిలినవాళ్లం గట్టివాళ్లం. అప్పట్లో చావు ఉయ్యాల పక్కన కాపు కాసేది. ఇప్పుడు పింఛను ఇచ్చే కిటికీ దగ్గర కాపు కాస్తోంది. నా ఈడువాళ్లను దాటి నా పిల్లల ఈడువాళ్ల మీద పడింది."

తనకు పుట్టింది గ్రాఫ్టన్ ఒక్కడే. ఆ ఒక్కడు అన్న మాటే ఆవిడ జీవితమంతా ముల్లయ్యింది. ఎందుకంటే రోడ్డుకు అవతల ఒమీటాకు నలుగురు.

ఒమీటా, మా అత్తగారు చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగారు. ఒకే గుంపులో కలుపు తీశారు, ఒకే బెంచీ మీద చదివారు, ఒకేసారి పెళ్లిళ్లు చేసుకున్నారు. ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు ఒమీటా వెనక నలుగురు పిల్లలు గంజి పెట్టిన బట్టల్లో వరసగా నడిచేవాళ్లట. మా అత్తగారి వెనక గ్రాఫ్టన్ ఒక్కడు, ముక్కు చీదుకుంటూ. చర్చి మెట్ల దగ్గర ఒమీటా వెనక్కి తిరిగి పిల్లల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకునేదట.

"కావాలనే" అంటుంది మా అత్తగారు. "నలుగురిని లెక్కపెట్టడానికి అంత సేపు పడుతుందా? నా వైపు చూస్తూ లెక్కపెట్టేది."

అరవై ఐదేళ్ల కిందటి మాట. ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతుంది. ఒమీటా మీద ఆవిడకున్న అసూయ ముందు నా అసూయ బడిపిల్లది.

ఒమీటా పిల్లలు నలుగురూ పోయారు. ముందుగా కూతురు మార్గరీటా. యాభై ఏడేళ్లకు పిండి కలుపుతూ కలుపుతూ బల్ల మీదికి ఒరిగిపోయింది. బీపీ ఉన్నట్టు ఆ పిల్లకే తెలియదు. తర్వాత వెర్నన్. గ్రాఫ్టన్‌తో ఒకే తరగతిలో చదివాడు, అతనికీ షుగరే. కాలికి చిన్న పుండు పడితే లెక్కచేయలేదు. కాలు తీశారు, మూత్రపిండాలు పోయాయి, ఏడాది తిరక్కుండానే వాడూ పోయాడు. మిగతా ఇద్దర్నీ ఒకే ఏడు పాతిపెట్టాం, పెద్దవాణ్ణి క్యాన్సరుకి, చిన్నవాణ్ణి గుండెకి. చిన్నవాడి పెట్టెను గోతిలోకి దింపుతుంటే ఒమీటా ఏడవలేదు. "ఇక ఎవరూ లేరు కదా, తాళం వేసుకుని వెళ్లొచ్చు" అంది. ఆ మాటకు నాకే ఏడుపొచ్చింది. మా అత్తగారు మాత్రం ఇంటికొచ్చాక, "చూశావా, కంట నీరు లేదు, రాయి" అంది.

ఈ ఏడు ఈస్టరు వెళ్లిన కొద్ది రోజులకు రోడ్డు వేసేవాళ్లు వచ్చి మా సందులో గుంటలు పూడ్చారు. ఎన్నేళ్లు అర్జీలు పెట్టినా రానివాళ్లు. తర్వాత ఒమీటా ఇంటికి రంగు వేశారు. పట్నం నుంచి ఆవిడ మనవరాలు జానెల్ పెట్టె సర్దుకుని దిగింది. రొట్టెలు కొనడానికి దుకాణానికి వెళ్లిన నాతో ఆ పిల్లే చెప్పింది.

"ఆంటీ, నాన్నమ్మకు వందేళ్లు నిండుతున్నాయి! వందేళ్లు నిండినవాళ్ల ఇంటికి దేశాధ్యక్షులు వస్తారు కదా. మీరందరూ రావాలి. ఎర్మిన్ నాన్నమ్మ ముందు వరసలో కూర్చోవాలి."

నేను ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మా అత్తగారు బఠానీలు ఒలుస్తోంది. పళ్లెం నేల మీద పడింది.

"ఎవరికి వంద?"

"ఒమీటా పిన్నికి."

"దానికి వందేమిటే? అదీ నేనూ ఒకే ఆదివారం బాప్తిస్మం తీసుకున్నాం! దానికన్నా నేను వారం పెద్ద!"

గ్రాఫ్టన్ నవ్వాడు. "ఏదో లెక్క తప్పుంటుందిలే అమ్మా."

"నవ్వకు. లెక్క కాదు తప్పింది. దాని అక్కది ఆ పుట్టిన రోజు."

అప్పుడు చెప్పింది. ఆ రోజుల్లో ఒక బిడ్డ పోతే ఆ పేరే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టేవాళ్లు. పేరు వృథా కాకూడదని. ఒమీటా తల్లికి మొదట ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు ఒమీటా. పట్నం వెళ్లి పుట్టుక రాయించారు. రెండు వానాకాలాలు చూడకుండానే విరేచనాలతో పోయింది. ఆ తర్వాత పుట్టిన పిల్లకూ ఒమీటా అనే పెట్టారు. మళ్లీ రాయించడానికి అంత దూరం ఎవరు నడుస్తారు? ఉన్నదే సరిపోతుందనుకున్నారు. అలా చచ్చిపోయిన అక్క పేరుతో పాటు అక్క వయసు కూడా చెల్లెలికి వచ్చింది.

"మా అమ్మే దాని అమ్మకు మొదటి పురుడు పోసింది, నాకు తెలియదా! ఆ వందేళ్లూ ఆ చచ్చిపోయిన పసిగుడ్డువి, దీనివి కావు. ఈ సందులో మొదట వంద చూడాల్సింది నేను. ఆ రోజు వేసే పూల కుర్చీ నాది. వాళ్లొచ్చిన రోజు అందరి ముందూ చెబుతాను."

"అత్తా, ఇంకో రెండేళ్లలో నీకూ నిండుతాయిగా. అప్పుడు నీ ఇంటికీ వస్తారు."

"రెండోసారి వస్తే ఏముంది? అప్పటికి ఆ రంగు వెలిసిపోతుంది, రోడ్డు మళ్లీ గుంటలు పడుతుంది. వయసులో ఉన్నప్పుడు నలుగురు పిల్లలతో ముందు నడిచింది. ఇప్పుడూ అదే ముందు నడవాలా? ఒక్కటి, జన్మకు ఒక్కటంటే ఒక్కటి నాకు ముందు దక్కకూడదా?"

 నాకు జాలేసింది. కానీ చెబితే ఒమీటా గతి ఏమిటి? తొంభై ఎనిమిదేళ్ల మనిషిని ఊరందరి ముందు దొంగను చేసినట్టే.

మర్నాడు ఆవిడ టోపీ పెట్టుకుని బయలుదేరింది. ముందే చెప్పి న్యాయంగా పోట్లాడతానంది. పడకుండా చూడ్డానికి నేనూ వెంట వెళ్లాను. నిజానికి పట్టుకోవాల్సింది నన్ను.

ఒమీటా ముందు గదిలో కూర్చుని ఉంది. చూపు దాదాపు పోయింది, చెవులు మాత్రం పాము చెవులు. గోడ నిండా పిల్లల ఫొటోలు. మేం మెట్టెక్కగానే, "రావే ఎర్మిన్" అంది. "ఆ నడక నాకు తెలుసు. కొట్టడానికి వస్తున్నట్టు ఉంటుంది. వెల్డా, నువ్వు కూడానా? జానెల్, వీళ్లకు మాబీ బెరడు రసం పొయ్యి. చేదు తగ్గించకు, ఎర్మిన్‌కు చేదే ఇష్టం."

"నీ వయసెంతే?" అంది మా అత్తగారు నిలబడే.

"వచ్చిన పని అదా?" ఒమీటా నవ్వింది. "వస్తావని తెలుసు. రోజులు లెక్కపెడుతున్నాను. తొంభై ఎనిమిది. నీకన్నా వారం చిన్న. చాలా?"

"అందరికీ వంద అని చెప్పుకుంటున్నావ్!"

"నేనెక్కడ చెప్పానే? వాళ్లే వచ్చారు, వంద అన్నారు. కాదంటే ఈ పిల్ల మొహం చిన్నబోతుందని ఊరుకున్నాను."

"అయితే చెప్పు వాళ్లకి. లేకపోతే ఆ రోజు నేనే చెబుతా."

"చెప్పుకో. నాకెందుకే ఆ వంద? తీసుకుపో. కుర్చీ తీసుకో, కేకు తీసుకో, వచ్చే పెద్దమనుషుల్ని తీసుకో. అన్నీ నీకే. నాకు గ్రాఫ్టన్‌ని ఇయ్యి."

 జానెల్ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"నీ కొడుకుని ఇయ్యి అన్నాను. ఒక్క కాలితోనే ఇయ్యి, గుడ్డివాణ్ణే ఇయ్యి." ఒమీటా నవ్వు పోయింది. "రోజూ పొద్దున్నే నీ అరుపు వినిపిస్తుంది నాకు. కాలు చాపరా, చెప్పులేవిరా అని. కిటికీ మూసుకుంటాను. మూసినా వినిపిస్తుంది. మా వెర్నన్‌కూ అదే రోగం, మీవాడికీ అదే రోగం. మావాడి పాదం నేనొక్కసారీ చూడలేదు. పెద్దవాడు, మీసాలున్నవాడు, పాదం చూపించరా అని ఎలా అడుగుతాం అనుకున్నాను. నీకు సిగ్గులేదు, అడిగావు. నీవాడు ఉన్నాడు. నీ మీద నాది అసూయ కాదే ఎర్మిన్, కడుపుమంట. నలుగురిని కని, నీ ఒక్కణ్ణి చూసి కుళ్ళి చస్తున్నాను."

మా అత్తగారు మాబీ ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి గబగబా మెట్లు దిగింది. నేను ఆవిణ్ణి అందుకునేసరికి రోడ్డు దాటేసింది. మనసు కరిగిందేమో అనుకున్నాను. ఎక్కడ! ఇంట్లోకి వెళ్లి రోడ్డు వైపు కిటికీలన్నీ బిగించింది.

"విన్నావా? దాని కన్ను వాడి మీద ఉంది! ఇన్నాళ్లూ అక్కడ కూర్చుని నా కొడుకుని వింటోంది! అందుకే వాడికి ఏదీ మానదు. గ్రాఫ్టన్, ఇక నుంచి వెనక గదిలో కూర్చో. ఆ రోజు నేను చెప్పి తీరతాను. పేరు పేరునా చెబుతాను."

"అమ్మా, పాపం ఆవిడకెవరూ..."

"నువ్వు మాట్లాడకు. నీ గురించే గొడవ."

వేడుక దాకా ఉన్న ఆ పది రోజులూ మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. నేను బతిమాలాను. గ్రాఫ్టన్ అలిగి అన్నం మానేస్తానన్నాడు. షుగరువాడు అన్నం మానేస్తే ఏమవుతుందో ఆవిడకు తెలుసు కాబట్టి ఆ బెదిరింపు ఒక పూట పనిచేసింది. తర్వాత ఆవిడే ముద్దలు కలిపి నోట్లో కుక్కింది. తన ఊదా రంగు గౌను ఇస్త్రీ చేయించింది. చెప్పబోయే మాటలు పెరట్లో కోళ్లకు చెప్పి చూసుకుంది.

ఆ రోజు ఒమీటా ఇంటి ముందు తెల్లటి పందిరి వేశారు. చర్చి పాటల బృందం వచ్చింది. మూడంతస్తుల కేకు. దేశాధ్యక్షులకు వేరే పని పడిందట, వారి తరఫున ఒక పెద్దమనిషి వచ్చారు, కోటుకు పతకాలు పెట్టుకుని. "ప్రతినిధి అట" అంది మా అత్తగారు నా చెవిలో, కొంచెం తృప్తిగా. "అసలు మనిషికి అసలు మనిషి వస్తారు. దీనికి ప్రతినిధి చాలు."

ఒమీటాను పూలు చుట్టిన పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. పాస్టరు ప్రార్థన చేశాడు. పెద్దమనిషి వంగి పూలగుత్తి ఇచ్చారు. ఇంత కాలం బతకడానికి రహస్యం ఏమిటమ్మా అని మైకులో అడిగారు. అందరూ నవ్వడానికి సిద్ధమయ్యారు.

"చావకపోవడం" అంది ఒమీటా. "ఆ దేవుడు నన్ను తప్ప మిగతా అందర్నీ పిలిచాడు."

కొందరు నవ్వారు. పెద్దమనిషి ఏమనాలో తెలియక చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఫొటో అతను ముందుకొచ్చాడు. కుర్రవాడు, పట్నంవాడు. "అమ్మగారి పిల్లలందరూ కుర్చీ వెనక నిలబడండి" అని కేకేశాడు. ఎవరూ కదల్లేదు. అతను మళ్లీ, "పిల్లలు ముందు, తర్వాత మనవలు. రండి రండి, సిగ్గుపడకండి" అన్నాడు. జానెల్ అతని దగ్గరికి పరుగెత్తబోయి నేల దాకా పొడుగున్న గౌనులో కాలు పడి ఆగింది. ఒమీటా తల ఎత్తి వింటోంది. ఎవరైనా వచ్చి నిలబడతారేమోనన్నట్టు కాస్త ముందుకు కూడా జరిగి కూర్చుంది. కుర్చీ వెనక తెల్లటి గుడ్డ తప్ప ఏమీ లేదు.

నా పక్కన చక్రాల కుర్చీ కదిలింది. గ్రాఫ్టన్ రెండు చేతులతో చక్రాలు తోసుకుంటూ ముందుకు బయలుదేరాడు. మా అత్తగారి చెయ్యి వెనక నుంచి వచ్చి కుర్చీ పిడిని పట్టుకుంది.

"ఎక్కడికి?"

"పిన్ని వెనక నిలబడ్డానికి. నిలబడలేను, కూర్చుంటాను."

"కదలకు."

"అమ్మా, అందరూ చూస్తున్నారు. వదులు."

"చూడనీ. నువ్వు దాని కొడుకువి కాదు."

ఆవిడ వేళ్లు పిడి మీద బిగుసుకుపోయాయి. ఆ పాత చేతుల్లో అంత బలం ఉందని నాకు తెలుసు గానీ, అంత భయం ఉందని తెలియదు.  మా అత్తగారు ఒమీటా కుర్చీ వెనకున్న ఖాళీ వైపు చూసింది. గ్రాఫ్టన్ ప్యాంటు మడత పెట్టిన ఎడమ వైపు చూసింది. అప్పుడు నాతో, "వీణ్ణి గట్టిగా పట్టుకో" అని తను ముందుకు నడిచింది.

 మైకు ముందుకే వెళ్తోంది. జానెల్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది, ఆపమని. ఎలా ఆపను? మా అత్తగారు మైకు దగ్గర ఆగింది. పెద్దమనిషి నవ్వుతూ తలవంచారు.

"మీరు అమ్మగారి చెల్లెలా?"

"కాదు. ఈవిణ్ణి పుట్టినప్పటి నుంచి ఎరుగుదును."

ఒమీటా కళ్లు మూసుకుంది. ఒళ్లో పూలగుత్తిని రెండు చేతులతో పట్టుకుంది.

"అలాగా! అయితే మీ వయసెంతమ్మా?"

 చెప్పాల్సిన మాట ఆవిడ నోటి దాకా వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. తొంభై ఎనిమిది, ఈవిడ కన్నా వారం పెద్ద. అంతే, ఇంకేమీ అక్కర్లేదు. ఆవిడ వెనక్కి తిరిగి గ్రాఫ్టన్ కోసం చూసింది. నేను పిడి పట్టుకునే ఉన్నాను.

"ఎనభై తొమ్మిది" అంది.

మా సందువాళ్లు కొందరు దగ్గు వచ్చినట్టు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. పెద్దమనిషికి ఏమీ తెలియదు. "చూస్తే ఇంకా తక్కువే అనిపిస్తున్నారు! పదకొండేళ్ల తర్వాత మీ ఇంటికీ వస్తాం, కేకు సిద్ధం చేసి పెట్టండి."

"రావద్దు బాబూ" అంది మా అత్తగారు. మైకులో ఆ గొంతు రోడ్డు చివరి దాకా వినిపించింది. "మీరు మా ఇంటికి రావద్దు. మీరొచ్చేసరికి తలుపు తీయడానికి నా కొడుకుండడు. నాకా కుర్చీ అక్కర్లేదు. వాడి చేత్తో మట్టి వేయించుకుని నేను వెళ్లాలి. వాడి కన్నా ముందే వెళ్లాలి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ వెళ్లి ఒమీటా కుర్చీ వెనక, పిల్లలు నిలబడాల్సిన చోట నిలబడింది. వెనక్కి తిరిగి చూడకుండానే ఒమీటా, "నిన్నెవరు రమ్మన్నారే?" అంది. "నేనడిగింది వాణ్ణి."

"వాణ్ణి ఇవ్వను" అంది మా అత్తగారు. "నేనొచ్చాను. కావాలంటే తీసుకో, లేకపోతే లేదు."

ఒమీటా చెయ్యి భుజం మీదుగా వెనక్కి చాపింది. మా అత్తగారు ఆ చేతి వైపు కాసేపు కోపంగా చూసి, పట్టుకుంది.

ఫొటో అతను మూడు నాలుగు ఫొటోలు తీశాడు. అందులో ఒకటి జానెల్ మాకు తెచ్చి ఇచ్చింది. పెద్దమనిషి, పాస్టరు, ఒమీటా, మనవలు అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. మా అత్తగారు ఒక్కతే పక్కకు, చక్రాల కుర్చీ ఉన్న వైపు చూస్తోంది, నేను వాణ్ణి సరిగ్గా పట్టుకున్నానో లేదో అని.